ఏడాది నిండకముందు

హార్లో రేవు, మసాచుసెట్స్
1788 ఆగస్టు 25, సోమవారం

మెహిటబెల్ అక్కకి,

నిన్నూ బావనీ పిల్లల్నీ దేవుడు చల్లగా చూస్తున్నాడని నమ్ముతూ రాస్తున్నాను. తప్పులు చూసి నవ్వకు. నేను బడికి పోయింది రెండు చలికాలాలే కదా. అక్షరాలు ఎప్పుడూ నా మాట వినవు.

అమ్మ గురువారం పడవలో నీ దగ్గరికి వస్తోంది. మీ గదిలో పిల్లలకే చోటు చాలదని తెలుసు. అయినా వేరే దారి లేదు.

మా మామగారు ఎల్కనా గురించి నీకు ఎంత గొప్పగా రాశానో గుర్తొస్తే సిగ్గుగా ఉంది. ఈ రేవులో ఆయన ఓడల గురించి కన్నా ఆయన పెట్టే రొట్టె గురించే ఎక్కువ చెప్పుకుంటారు. ప్రతి శనివారం మా పెరటి గుమ్మం దగ్గర బీదవాళ్ళకి మొక్కజొన్న రొట్టె, ఉప్పుచేప ఇస్తారు. చలికాలమైతే కట్టెలు కూడా. నాన్న సముద్రంలో పోయాక అమ్మ మా ఇంటికి చేరిన దగ్గర్నుంచీ ఆ రొట్టెలు కాల్చేదీ పంచేదీ అమ్మే. చెల్లెమ్మ వచ్చాకే రొట్టెకి రుచి వచ్చిందని మామగారు అందరితోనూ అనేవారు.

ఇక్కడి పద్ధతి నీకు తెలిసిందే. బయటి మనిషి ఏడాది ఉండిపోతే, తరవాత చితికిపోయినప్పుడు ఊరే పోషించాలి. అందుకని ఏడాది నిండకముందే వెళ్ళిపొమ్మని కాగితం చదువుతారు. అదంతా దిమ్మరుల కోసమేమో అనుకునేదాన్ని.

మొన్న శనివారం అమ్మ బుట్ట చంకన పెట్టుకుని పంచుతుంటే కానిస్టేబుల్ వచ్చి, టోపీ తీసి, అమ్మ పేరు చదివాడు. పదిహేను రోజుల్లో ఊరు విడవాలట. ఊరి పెద్దల సంతకాల్లో మొదటిది మామగారిదే. అమ్మ వేళాకోళమనుకుని నవ్వింది. వరసలో ఉన్న ముసలమ్మ డెలివరెన్స్ మాత్రం, "అయితే నువ్వూ మాలో కలిశావన్నమాట వదినా. రా, నా వెనకాల నిలబడు" అంది.

మామగారు బయటికొచ్చి, అదంతా కాగితం వరకేనని, తానుండగా తిండికి లోటేమిటని నెమ్మదిగానే చెప్పారు.

అమ్మ ఆఖరి రొట్టె దాకా పంచి, చేతులు కడుక్కుంది. "దయతలచి అయితే పెడతావు అన్నయ్యా. బాధ్యతగా పెట్టాల్సి వస్తుందనే భయపడ్డావు" అంది. అని మూట కట్టుకోవడానికి పైకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం భోజనం ముందు మామగారు మామూలుకన్నా పొడుగ్గా ప్రార్థన చేశారు. దిక్కులేనివాళ్ళ కోసం కూడా చేశారు.

మా ఆయన జోయెల్ ఒక్కరే నాకు ధైర్యం. తన తండ్రి ఇలా చేస్తాడనుకోలేదని చాలా బాధపడ్డారు. అమ్మ పెట్టెకి తాడు కూడా ఆయనే కట్టారు. ఆయన మీద మాత్రం కోపం పెట్టుకోకు.

ఇట్లు నీ చెల్లెలు,
కెజియా

మంగళవారం. నిన్న మడిచిన ఉత్తరం మళ్ళీ విప్పి రాస్తున్నాను. ఈ పొద్దున బావి దగ్గర కానిస్టేబుల్ భార్య నా చెయ్యి పట్టుకుని, తన మొగుణ్ణి తిట్టుకోవద్దని బతిమాలింది. అమ్మ ఎప్పుడొచ్చిందో మామగారికి గుర్తే లేదట. ఏడాది నిండిపోతోందని పెద్దల దగ్గరికి వెళ్ళి కాగితం రాయించింది జోయెలేనట. ఊరి పన్నులో పెద్ద వాటా మా ఇంటిదే కదా, రేపు ఆ బరువు తన నెత్తిన పడుతుందన్నారట. అమ్మ వచ్చిన తేదీ ఆయనకి చెప్పింది నేనే అక్కా. పోయిన నెల నా జుట్టు సవరిస్తూ అడిగారు. అమ్మకి ఏదో కొనివ్వాలనుకుంటున్నారని సంబరపడి చెప్పాను.

గురువారం అమ్మతో నేనూ వస్తున్నాను. దింపి వస్తానని ఇంట్లో చెప్పాను. తిరిగి ఏ రోజు వస్తావని ఆయన అడిగారు. ఈసారి తేదీ చెప్పలేదు.

చదవగానే దీన్ని పొయ్యిలో వేసెయ్యి.