నీళ్ళు వదిలి ఇచ్చిన కంప్యూటర్

సీనప్పా,

బాగుండావా అని అడగను. అడిగితే నవ్వుతావు. నువ్వు పోయి ఏడు నెలలయింది. బట్టీ నడుస్తాండాది, అమ్మ లేచి తిరుగుతాండాది.

ఒక పొద్దున నీకు గుర్తుండాదా? పండగా కాదు, పబ్బమూ కాదు. ముందురోజు బెంగళూరు నుంచి వచ్చినావు. తెల్లారేసరికి పెరట్లో బొరుగుల బట్టీ దగ్గర మోకాళ్ళ మీద కూచున్నావు. చాకవేలు నుంచి తెచ్చిన చెనక్కాయ పొట్టు పొయ్యిలో బుసబుసమని మండుతాండాది. బాండ్లీలో ఇసుక కాగింది. మీ అన్న గోవిందు ఉప్పు పట్టించిన బియ్యం దోసెడు వేసి తిప్పినాడు. ముందు ఒకటి చిట్లింది. తర్వాత నాలుగు. తర్వాత అన్నీ. జల్లెడలోకి ఎత్తి అంచు మీద గరిటెతో ఒక్క దెబ్బ కొట్టినాడు, ఇసుక కిందికి జారింది. మళ్ళీ బియ్యం, మళ్ళీ దెబ్బ. నువ్వు చిన్న రికార్డరు పట్టుకుని ఊపిరి కూడా మెల్లగా తీస్తాండావు.

రేడియో ఆపించినావు. అమ్మను దగ్గొద్దన్నావు. అది చాలక దేవునింటి గడప దగ్గరికి వచ్చినావు.

"అక్కా, ఈ పొద్దుకు గంట వద్దుక్కా. గంట మోగితే ఇంగ అంతా గంటే అయిపోతాది."

దేవునికి గంట వద్దనడానికి నువ్వెవరు? రోజూ కొట్టేదానికంటే గట్టిగా కొట్టినాను. నవ్వుకుంటా పోయినావు.

మధ్యాహ్నం నా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టినావు. చిటపట. ఇసుక జారడం. దెబ్బ. మళ్ళీ అదే. పల్లవి లేదు, చరణం లేదు, ఒక మాట లేదు. ఎంతసేపు విన్నా బట్టీ బట్టీగానే ఉండాది. నా గంట మాత్రం యాడా లేదు. తీసేసినావు. ఇంతేనా అని అడిగితే, "ఇంతేక్కా. పెట్టేది సులువు, తీసేదే పని," అన్నావు. దానికి బట్టీ అనే పేరు పెట్టినావు.

నాకు నచ్చలేదు. ఇప్పుడూ నచ్చదు. ఇంట్లో రోజూ వినేదాన్ని వినడానికి బెంగళూరులో అద్దె కట్టుకుని బతకాలా? ఆ మాట నీ మొహం మీదే అన్నాను. చచ్చినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు గానీ, నేను నీకు అబద్ధం రాయను.

ఇప్పుడు కార్తీక్ సంగతి.

వాడు నీతో ఒకే రూములో ఉండి, నీ మాదిరే కంప్యూటర్లో పాటలు చేసేవాడు. నీకు జ్వరం వచ్చింది. డెంగీ అని మాకు తెలిసింది, నువ్వు కింద పడిపోయినాక. ముందే ఒక్క ఫోన్ చేసుంటే? చిక్కబళ్ళాపురం వాడే కదా... మన ఊరు యాడుందో తెలియనివాడు కాదే. నువ్వే వద్దన్నావంట. వద్దంటే ఊరుకుంటారా సీనా?

పన్నెండో దినం వచ్చి అరుగు మీద కూచుని ఏడ్చినాడు. ఆ రోజు నువ్వు వాడినవన్నీ దానం ఇచ్చినాం. గొడుగు, చెప్పులు, పరుపు, రాగి చెంబు స్వామి తీసుకున్నాడు. నీ కంప్యూటర్ను, నువ్వు పాటలు కట్టే మీటల పెట్టెను చూసి ఇవి నాకెందుకమ్మా అన్నాడు. అమ్మ కార్తీక్ వైపు చూసింది. వాడుకునేవానికి ఇస్తేనే దానమంది. గోవిందు తులసాకు వేసి నీళ్ళు వదిలినాడు. కార్తీక్ రెండు చేతులా పట్టుకున్నాడు. అక్కడికి అయిపోయింది.

అయిపోయిందనుకున్నాం.

పాటలు చేసేవాళ్ళకు శుక్రవారం శుక్రవారం కొత్తవి విడుదలయితాయంట. మనకు ఆ పొద్దు లక్ష్మీపూజ. ఒక శుక్రవారం గోవిందు ఫోన్లో నీ పేరు చూపించినాడు. నీదొకటి, వానిదొకటి, రెండు పేర్లూ పక్కపక్కన. అమ్మ ఫోన్‌కు పసుపు బొట్టు పెట్టింది. ఇంకో నెలకు ఇంకోటి వచ్చింది. దాని కింద ఎవరో రాసినారు, రేకుల మీద వాన కురుస్తున్నట్టుందని, విని హాయిగా నిద్రపోయినానని. వాన కాదు నాయనా, జల్లెడలోంచి ఇసుక జారడం. నా తమ్ముడు అది పట్టుకోవడానికి పొగలో కూచున్నాడు. నువ్వు నిద్రపోవడానికి కాదు.

చూసినావా, కోపం వచ్చి నీ పక్కే మాట్లాడతాండాను.

నిన్న పొద్దున కార్తీక్ స్వీట్ల పెట్టెతో వచ్చినాడు. అమ్మ కాళ్ళకు దండం పెట్టినాడు. చెడ్డవాణ్ణి తిట్టొచ్చు. కాళ్ళకు దండం పెట్టేవాణ్ణి ఏమని తిట్టాల? వచ్చే శుక్రవారం నీ బట్టీ విడుదలంట. బెంగళూరులో పెద్ద కార్యక్రమం, అమ్మ వచ్చి దీపం వెలిగించాలంట. నీ ఫోటో అప్పటికే వాని ఫోన్లో ఉండాది. అడిగితే గోవిందు పంపించినాడు, ఎందుకని అడగకుండా.

వినిపించినాడు.

ముందు కొంచెం బొరుగులు. అంతలోనే వయొలిన్లు. ఎవరో ఆడమనిషి మూలుగుతున్నట్టు ఆలాపన. అది లేచి, లేచి, ఆగింది. ఆగినచోట టంగుమని నా గంట.

నా గంటే సీనా. ఆ పొద్దున నేను పంతానికి కొట్టినది. నువ్వు తీసి పారేసినది ఆ కంప్యూటర్లో యాడో పడి ఉంటే వెతికి తెచ్చి నడిమధ్యలో పెట్టినాడు. అక్కడ్నుంచి అంతా గంటే. బట్టీ అనే పేరు కూడా తీసేసినాడు. వీడ్కోలు అని అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు పెట్టినాడు.

అమ్మ కండ్లు తుడుచుకుంది. బాగుందనే అనింది. నువ్వు చేసిందే అనుకుంది పాపం.

ఇంత ఎందుకు పెట్టినావని నేను అడిగినాను. ఉత్త దెబ్బలు ఎవరూ వినరక్కా, రాగం ఉంటేనే వింటారు, సీను పేరు నిలవాల కదా అన్నాడు. మెల్లగా, మర్యాదగా అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. నేనే వినలేకపోయినాను కదా ఆ ఉత్త దెబ్బల్ని... అయినా నువ్వు వద్దన్నదే తెచ్చి, దాని మీద నీ పేరు రాసి, నీ ఫోటో పెట్టి ఊరంతా వినిపిస్తాడా? నువ్వు వచ్చి చెప్పే దారి లేదనేనా? లేక నువ్వే వానికి సరే అని చెప్పి పోయినావా?

సాయంత్రం చెప్తామని వాణ్ణి పంపించినాను. దేవుని ముందు కూచున్నాను. కోపం తగ్గించమని అడగలేదు. అడగబుద్ధి కాలేదు. మాట సూటిగా రావాలని మాత్రం అడిగినాను.

దీపాలు పెట్టినాక ముగ్గురం కూచున్నాం. నీ పాట ఏదో, వాడు పెట్టింది ఏదో అమ్మకు చెప్పినాను. గోవిందు ఎగిరినాడు. చిక్కబళ్ళాపురం పోయి కంప్యూటర్ లాక్కొస్తానన్నాడు, వాని వయొలిన్లు వాని నెత్తినే పగలగొడతానన్నాడు. ఫోటో ఇచ్చినోడివి నువ్వే కదరా అంటే చప్పబడినాడు. అమ్మ ఒకటే మాట మీద నిలబడింది. నీళ్ళు వదిలింది మళ్ళీ అడిగితే దానం చేసిన చేతికి పాపం, ఎవరి పేరున చేసినామో వానికీ తగులుతాది.

అప్పుడు నేను చెప్పినాను. కంప్యూటర్ ఇచ్చినాం. అందులో ఉండేదీ ఇచ్చినాం. పేరు ఇయ్యలేదు. పేరుకు ఎవరూ తులసాకు వెయ్యలేదు.

అమ్మ సరే అనింది.

అందరి ముందరే ఫోన్ చేసినాను. నీ ఇష్టమొచ్చినట్టు విడుదల చేసుకో, మావాని పేరు తీసెయ్, ఫోటో తీసెయ్, అమ్మ రాదు అని చెప్పినాను. ఆ పేరు లేకపోతే ఎవరూ వినరక్కా అన్నాడు. వినకపోతే పోనీ అన్నాను. అవతల ఏడుపు వినపడింది. ఏడవనిచ్చి, తీసేస్తానన్నాకే ఫోన్ పెట్టినాను.

ఇంగొకటి మిగిలింది. నువ్వు చేసిన అసలు బట్టీ మన దగ్గర లేదు. అదీ ఆ కంప్యూటర్లోనే. ఒక కాపీ అడుగుదామన్నాడు గోవిందు, కాపీ అడిగితే తగ్గేదేముందని. అమ్మ తల అడ్డంగా ఊపింది. నాకూ ఆశ ఉండింది సీనా, ఒక్కసారి వినాలని. కానీ పేరు కోసం దానం అడ్డం పెట్టి, పాట కోసం దాన్నే దాటితే వానికీ మాకూ తేడా ఏముంది?

అడగకూడదని తీర్మానించుకున్నాం. వాడే తెచ్చి ఇచ్చినా పుచ్చుకోం.

మీ పెద్దక్క