లోన్ అంటే ఇల్లు

చైత్రం, బుధవారం. దోర్నపాల్ దాటాక ఒక పల్లె.

ఈ రోజు రెండు కోసులు కూడా సైకిల్ తొక్కలేదు. టైర్లు బాగానే ఉన్నాయి, కాళ్లూ బాగానే ఉన్నాయి. తొక్కాలనే అనిపించలేదు. బస్తరు సంస్థానంలో జగదల్‌పూర్ దాకా ఒక్కడినే వెళ్లి, దారిలో విన్న కొత్త మాటలన్నీ రాసుకొస్తానని అమ్మ దగ్గర గొప్పలు పోయాను. తెల్లారగానే భద్రాచలం తిరిగి వెళ్లిపోదామని మధ్యాహ్నమే అనుకున్నాను.

సాయంత్రం ఇప్పపువ్వు ఆరబోస్తున్న ఒక దొర్ల తెగ అవ్వ అడిగింది, "నీ లోన్ ఏడ, పిలగా?"

నా మనసు లోన ఏముందని అడుగుతోందనుకున్నాను. "లోనంతా దిగులే, అవ్వా" అన్నాను.

అవ్వ తన గుడిసె చూపించి పడీ పడీ నవ్వింది. "ఇదీ లోన్! నువ్వు దిగుల్ల పండుకుంటవా ఏంది?"

వాళ్ల భాషలో లోన్ అంటే ఇల్లట. బయల్దేరాక మొదటిసారి నేనూ నవ్వాను.

ఇప్పుడు ఆ లోన్ అరుగు మీదే పడుకుని రాస్తున్నాను. ఇప్పపువ్వు వాసనకు చుక్కలు కూడా మత్తుగా ఊగుతున్నట్టున్నాయి. మాటల పుస్తకంలో మొదటి మాట రాశాను. అమ్మ వింటే ఎంత నవ్వుతుందో. కానీ ఒక్క మాటతో ఇంటికి ఎలా వెళ్లను? పొద్దున్నే అవ్వను అడగాలి, దారిని వీళ్లు ఏమంటారో...