ఖాళీగా ఉంచిన వంతు

ఫింటాస్, కువైట్
15 నవంబరు 2025, శనివారం

ప్రియమైన రత్నరాజు అన్నయ్యకు,

ప్రభువు నామంలో నీకూ వదినకూ వందనాలు. ఆయన దయవల్ల నేను బాగున్నాను, నా నడుం తప్ప. ఫోనులో మాండలిన్ మాట ఎత్తగానే సిగ్నల్ లేదంటావు. కాగితం మీద ఆ నాటకాలు సాగవు కాబట్టి రాస్తున్నాను. సెలవుకు వెళ్తున్న డ్రైవర్ మస్తాన్ వలి దీన్ని అక్కడ పోస్టు చేస్తానన్నాడు.

నేను చూసుకునే పెద్దాయన హార్లన్ గారు, అమెరికాలో కెంటకీ కొండల్లో బొగ్గుగని కార్మికుడి కొడుకు. తొమ్మిదో ఏట మాండలిన్ పట్టారు. వాళ్ళ సంగీతాన్ని బ్లూగ్రాస్ అంటారు. అన్నీ తీగల వాయిద్యాలే, డప్పు కూడా ఉండదు, అయినా కాళ్ళు ఆగవు. పాతికేళ్ళపాటు ఆయన బృందం ఐదుగురూ ఒకే కారులో ఊరూరా తిరిగి వాయించారట. రేడియోలో వినిపించారు, రికార్డులిచ్చారు. గిరాకీ తగ్గాక ఇక్కడ టీచరుగా ఉన్న కూతురి దగ్గరికి వచ్చారు. వచ్చిన నెలకే మళ్ళీ బృందాన్ని పోగేశారు! అల్ రాయ్‌లో కార్లు బాగుచేసే మెహతాబ్, ఫహాహీల్ నుంచి బస్సులో వచ్చే ఇద్దరు ఫిలిప్పీన్స్ వాళ్ళు. ప్రతి శుక్రవారం హాల్లో గుండ్రంగా చేరి, ఒకరి తర్వాత ఒకరు వంతు తీసుకుని వాయిస్తారు.

నిరుడు పక్షవాతంతో ఆయన ఎడమచేయి పడిపోయింది. నన్ను పెట్టుకున్నది అప్పుడే. మొదటి శుక్రవారం ఆయన్ను చక్రాల కుర్చీలో వాళ్ళ మధ్య కూర్చోబెట్టాను, ఒళ్ళో మాండలిన్. పాట ఆయన దగ్గరికి రాగానే రాగం ఆగిపోయింది. గిటారు తాళం ఒక్కటే మెల్లగా నడుస్తోంది, అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయనకేదో అయిందనుకుని బీపీ మిషన్‌తో పరుగెత్తి చేతికి పట్టీ చుట్టేశాను. మెహతాబ్ నవ్వాపుకుంటూ హిందీలో చెప్పాడు, ఏం కాలేదు సిస్టర్, అది ఆయన వంతు, వాయించినా వాయించకపోయినా ఆయనదే అని.

సిగ్గుతో చచ్చాను. ఏడు నెలలు ఆ వంతును అలాగే ఖాళీగా ఉంచారు అన్నయ్యా, ఒక్కరూ తొందరపడలేదు. ఎనిమిదో నెలలో ఒక శుక్రవారం ఆయన రెండు వేళ్ళు తీగల మీదికి పాకాయి. నాలుగు స్వరాలు, అంతే. మెహతాబ్ గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళుగా ప్రార్థన చేస్తున్నాను గానీ, అద్భుతాన్ని కళ్ళారా చూడడం అదే మొదలు.

ఐస్ ఫ్యాక్టరీలో రెండు వేళ్ళు పోయాక నువ్వు మాండలిన్‌ను అటకెక్కించావు. చర్చిలో పాటల బృందం వదిలి వెనక బెంచీకి పోయావు. మూడు వేళ్ళతో ఇంకేం వాయిత్తానే, ఈగలు తోలుకోనా అన్నావు. పెద్దాయనకు ఆ చేతిలో పనిచేసినవి రెండే, నీకంటే ఒకటి తక్కువే. నీ సంగతి ఆయనకు చెప్పాను. అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఒకటే ప్రశ్న, మీ అన్న వాయించాడా అని. ఏమని జవాబు చెప్పను? దాన్ని అటక మీంచి దింపు అన్నయ్యా.

నీ జవాబు కోసం చూసే చెల్లి,
కరుణమ్మ

తా.క.: పైన రాయడానికి చెయ్యి రాలేదు. పెద్దాయన సోమవారం ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. నిన్న అందరూ వచ్చారు. పాట ఆయన ఖాళీ కుర్చీ దగ్గరికి రాగానే మళ్ళీ తాళం ఒక్కటే మిగిలింది. ఆయన కోసమే అనుకుని ఏడుస్తున్నాను. కాదు సిస్టర్, ఇకమీదట తన వంతు మీ అన్నకివ్వమని పోయేముందు ఆయనే చెప్పారు అన్నాడు మెహతాబ్. ఇక్కడ ప్రతి శుక్రవారం నీకోసం ఆగుతారు అన్నయ్యా.