అక్క ఎక్కే తలుపు

జులై 1, 2021. గురువారం.

కారులో కప్ప! ధీరూకాకా పాత అంబాసిడర్ వెనక సీటు మీద, ఎక్కడికో బయల్దేరినట్టు దర్జాగా కూర్చుని ఉంది. కింద పాదం మునిగేంత నీళ్లు. తలుపుల చుట్టూ ఉండాల్సిన రబ్బరు మాడిన అప్పడంలా పొడిపొడిగా రాలుతోంది. వాన నేరుగా లోపలికే.

వచ్చే గురువారం ఈ కారులోనే బార్డోలీ వెళ్లి అక్కను తీసుకురావాలి. తొలి కాన్పు, తొమ్మిదో నెల. ఆషాఢం పడకముందే పుట్టింటికి రావాలని అమ్మ పట్టు. బస్సు అంటే ఒప్పుకోదు — "మూతికి మాస్కు లేనోళ్ల నడుమ నా బిడ్డను కూసోపెడ్తవా?" అక్క తడిసినా ఒప్పుకోదు. ఈ రోజుల్లో ఒక్క తుమ్ము వస్తే చాలు, ఇల్లంతా వణుకు.

కాకా మా ఇంటి ఓనరు. నవ్వుతూ తాళం ఇచ్చేశాడు. "గాడీ లే జావ్ భాయ్. పానీ కీ గ్యారంటీ నహీ!" బండి తీసుకుపోవచ్చు, నీళ్లు రావని మాత్రం పూచీ లేదట.

ఫోన్లో కప్ప సంగతి చెప్పాను. అక్క: "దాన్ని గూడ తోల్కరాండ్రి చెల్లె, నాకు తోడుంటది."

జులై 2.

కొత్త రబ్బరు చుట్ట తెచ్చాం. పాత జిగురు గీకడం నా పని. కిరోసిన్ గుడ్డ, మొండి చాకు. ఆన్‌లైన్ క్లాసు చెవిలో నడుస్తూనే ఉంది — సార్ హాజరు పిలిస్తే చాకు పట్టుకునే "ప్రెజెంట్" అన్నాను.

కొత్తగా దొరికిన మాట: చెమ్మ. తడి కన్నా చిన్నది, తడి కన్నా మొండిది. రెండుసార్లు పైకి అన్నాను. అమ్మ "ఏడున్నది చెమ్మ?" అంటూ గోడలన్నీ తడిమింది.

జులై 3.

మొదట వెనక ఎడమ తలుపు. అక్క ఎక్కేది అదే — కుడిది లోపలినుంచి తెరుచుకోదు.

బాపు మగ్గాల ఫిట్టరు. వదులు అంటే ఆయనకు గిట్టదు. "జర గట్టిగ గుంజు బిడ్డా. పడుగు లెక్క బిగువుండాలె." నేను గుంజి పట్టుకున్నాను, ఆయన అంటించాడు. చివర జానెడు ముక్క మిగిలింది. కోసి చొక్కా జేబులో వేసుకుని మురిసిపోయాడు. "చూసినవా? మిగిలింది!"

జులై 4. ఆదివారం.

తలుపు మూలల్లో వేలు పట్టేంత సందు! నిన్న లేదు. గుంజిన రబ్బరు తెల్లారేసరికి వెనక్కి ముడుచుకుంది.

బాపు తలుపు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూశాడు. అమ్మ చాయ్ తెచ్చింది. సందులో వేలు పెట్టి చూసి… ఒకటే నవ్వు. "అదేమన్న పోగా? లంగకు ఎలాస్టిక్ గుంజి కుడ్తె ఏమైతది? తలుపుకు కుచ్చులు పెట్టినవ్ గదయ్యా!"

"మగ్గం మీదైతే రెండు దిక్కుల కట్టేస్తం గద…" అని గొణిగి, బాపు తానూ నవ్వేశాడు. ఇన్నేళ్లు పోగులు బిగించిన చేయి. దానికి ఇంకో పద్ధతి తెలియదు పాపం.

జులై 5.

మళ్లీ పీకాం. మళ్లీ గీకాను. వాన.

జులై 6.

ఈసారి గుంజలేదు. వదులుగా ఆనించి, మూలల దగ్గర కాస్త లోపలికి నెట్టి అంటించాం. బాపు చేయి అలవాటుగా లాగినప్పుడల్లా "బాపూ!" అని అరవడం నా ఉద్యోగం. మూడు తలుపులు చక్కగా కుదిరాయి. అక్క తలుపుకు చాల్లేదు. సరిగ్గా జానెడు తక్కువ!

ఈ పాత సైజు దుకాణానికి మళ్లీ వచ్చే వారమే వస్తుందట.

అమ్మ లోపలికి వెళ్లి ఆ ముక్క తెచ్చింది. ఉతికే ముందు జేబు వెతికి దాచిందట. బాపు చేతిలో పెట్టి ఒక చూపు చూసింది… అంతే.

అతుకు పైన ఉంటే నీళ్లు దిగుతాయని తలుపు అడుగున పెట్టాం. కానీ గుంతల్లో నీళ్లు ఎగిరేది కిందనుంచే కదా? పైకి అనలేదు.

కొత్త రబ్బరుతో తలుపులు ఒక పట్టాన మూసుకోవు. అమ్మ నడుముతో ఒక్క తోపు — ధడ్! కాకా పైనుంచి: "ధీరే బెహెన్, మేరీ గాడీ బుడ్ఢీ హై!" మెల్లగా వేయాలట, బండి ముసలిదట.

జులై 7. బుధవారం.

బకెట్లతో పరీక్ష. నేను లోపల, బాపు బయట. మూడు తలుపులు — చుక్క లేదు. మా నవాగామ్ సందు గోలంతా దూరంగా, దుప్పటి కప్పుకుని వింటున్నట్టు. ఎంత బాగుందో!

నాలుగోది అక్క తలుపు. దాని మీద బాపు నీళ్లు పోయలేదు. అతుకు దగ్గర జిగురు ఇంకా వేలికి అంటుతోంది. "పొద్దుగాల్లకు ఆరుతది" అన్నాడు బాపు. నాకు చెప్పాడో, జిగురుకు చెప్పాడో.

సాయంత్రం నుంచి జోరువాన. కారు మీద టార్పాలిన్ కప్పాం. అక్క ఫోన్: "బట్టలు సర్దుకున్న. కప్ప వస్తదా?"

"ఇల్లు ఖాళీ చేసింది" అన్నాను.

నవ్వింది. తర్వాత మెల్లగా — "తలుపు మంచిగైందా చెల్లె?"

"అయింది" అన్నాను.

రేపు పొద్దున్నే పల్సానా మీదుగా బయల్దేరతాం. వెళ్లేటప్పుడు అక్క చోట్లో నేనే కూర్చుంటాను. ఉతికిన తెల్ల చున్నీ అతుకు మీద పరిచి, దాని మీద పాదాలు పెట్టుకుని. గుంత వచ్చినా కాళ్లు ఎత్తను. బార్డోలీ చేరగానే, అక్క గుమ్మం దిగకముందే, చున్నీ తీసి, చెమ్మ తగులుతుందేమో చెంపకు ఆనించి చూడాలి.