రెక్క కింది గడ్డ

నవంబర్ 18, సోమవారం

ఇవాళ ఒక గడ్డను గుర్తుపట్టాను. నేనే. ఎవరూ చెప్పకుండా!

రేడియాలజీ పీజీలో చేరి ఏడాదిన్నర. ఇన్నాళ్లూ మా ప్రొఫెసర్ శ్రీహరి సార్ చెప్పింది టైప్ చేయడమే నా పని.

పేషంట్ పేరు కొమురవ్వ. అరవై రెండేళ్లు. జమ్మికుంట పత్తి మార్కెట్లో కూలీ. కుడివైపు రెక్క ఎముక కింద కోడిగుడ్డుకన్నా పెద్ద గడ్డ. చెయ్యి ముందుకు చాపితే ఉబికి వస్తుంది, దించితే లోపలికి పోతుంది. సర్జరీ వాళ్లు సార్కోమా, అంటే కండలో పుట్టే క్యాన్సర్ ఏమోనని అనుమానపడి వార్డులో చేర్చుకున్నారు. ఇవాళ ఎంఆర్ఐ, గురువారం సూదితో ముక్క తీసి బయాప్సీ. తోడుగా కూతురు తిరుమల ఉంది.

కన్సోల్ ముందు కూర్చున్నాను. ఒక్కో ఇమేజ్ వస్తోంది. గడ్డ పక్కటెముకలకూ రెక్క ఎముక కొసకూ మధ్య ఒదిగి ఉంది. ఎముకను ఎక్కడా తినలేదు. కండలాగే బూడిద రంగు, నడుమ తెల్లగా కొవ్వు చారలు. ఒకటి, రెండు, ఐదు... పుస్తకంలో అర పేజీ కూడా లేని బొమ్మ నా ముందు కదులుతోంది. ఎలాస్టోఫైబ్రోమా! క్యాన్సర్ కాదు. రేపు క్యాన్సర్‌గా మారేదీ కాదు. ఏళ్ల తరబడి బరువులు మోసిన పెద్ద వయసు ఆడవాళ్లలో, ఎముకా ఎముకా రాసుకుని రాసుకుని వస్తుందంటారు. స్కాన్‌లో స్పష్టంగా కనిపిస్తే బయాప్సీ కూడా అక్కర్లేదు.

గట్టిగా అరిచేశాను. టెక్నీషియన్ అరుణ్‌కుమార్ మెషిన్ కాలిపోయిందనుకుని పరిగెత్తుకొచ్చాడు.

బయట తిరుమల నిలబడి ఉంది. ఏం కనబడ్డది మేడం అని అడిగింది. సార్ చూడాలి, అప్పటిదాకా ఏమీ చెప్పలేను అన్నాను. రూల్ అది.

నవంబర్ 19, మంగళవారం

శ్రీహరి సార్ హైదరాబాద్‌లో కాన్ఫరెన్స్‌కు వెళ్లారు. కడుపులో మాట దాచుకుని ఒక రోజు బతకడం ఇంత కష్టమా.

నవంబర్ 20, బుధవారం

ఉదయం తొమ్మిదికే సార్ ముందు ఇమేజెస్ పెట్టాను. ఒక్కొక్కటీ రెండుసార్లు తిప్పి చూశారు. తర్వాత ఎడమవైపు సంగతేమిటని అడిగారు. స్కాన్ కుడివైపే చేశాం అన్నాను. ఇది చాలాసార్లు రెండు వైపులా ఉంటుందట. అల్ట్రాసౌండ్‌లో ఎడమవైపు కూడా కనబడితే ఇక అనుమానమే ఉండదు, సంతకం పెడతాను, బయాప్సీ ఆపమని సర్జరీ వాళ్లకు నేనే చెబుతాను అన్నారు. ఆఖర్న, మంచి రీడింగ్ మమతారాణీ, అన్నారు. నా పేరు ఆయనకు తెలుసని ఇవాళే తెలిసింది.

మెట్లు రెండేసి దూకుతూ వార్డుకు పోయాను. మంచం ఖాళీ.

తల్లీకూతుళ్లు నిన్న సాయంత్రమే చెప్పకుండా వెళ్లిపోయారని అనసూర్య సిస్టర్ చెప్పింది. పక్క మంచం వాళ్లెవరో సూది గుచ్చితే గడ్డ రేగి ఒళ్లంతా పాకుతుందని భయపెట్టారట.

నవంబర్ 21, గురువారం

తిరుమల ఫోన్ స్విచాఫ్. తొమ్మిది సార్లు చేశాను. బయాప్సీ లిస్టులో కొమురవ్వ పేరు పక్కన "రాలేదు" అని రాశారు.

ఒక మాట నిజాయితీగా రాసుకోవాలి. సోమవారం నుంచి నేను సంతోషపడుతున్నది నా కోసమే. ఆమె మాత్రం ఈ మూడు రోజులూ చావు గురించి ఆలోచిస్తూ ఉండి ఉంటుంది.

రేపు లీవు పెట్టాను.

నవంబర్ 22, శుక్రవారం

జమ్మికుంట బస్సులో మొత్తం దారి నిలబడే వెళ్లాను. కాళ్లు నొప్పి అనిపించలేదు.

మార్కెట్ యార్డులో ఎటు చూసినా పత్తి. ట్రాక్టర్లు, తూకాలు, అరుపులు. కొమురవ్వ ఎక్కడ అని ముగ్గురిని అడిగాను. మూడో ఆమె షెడ్డు వైపు చెయ్యి చూపించింది. నేను ఇంట్లో పడుకుని ఉంటుందనుకున్నాను. ఆమె వంగి నేల మీది పత్తిని గంపకెత్తుతోంది! పక్కనే తిరుమల. నన్ను చూడగానే గుర్తుపట్టి లేచి తల్లికి అడ్డం నిలబడింది.

"మా అవ్వను తోల్కపోనీకి వచ్చినవా? మేము రాము మేడం."

"తోల్కపోను. ఒక్క మాట చెప్పి పోత. గది క్యాన్సర్ కాదు."

ఇద్దరూ నమ్మలేదు. కొమురవ్వ నడుం పట్టుకుని మెల్లగా నిటారుగా లేచి నా ముఖంలోకి చూసింది.

"కాకుంటే గా దినం ఎందుకట్ల ఒర్లినవు బిడ్డా? గా మిషిన్ గుహల పండుకున్న నాకు నీ ఒర్లుడు ఇనబడ్డది. సచ్చిన్రా దేవుడా అనుకున్న. నా బిడ్డ అడిగితే గూడ నువ్వు చెప్పకపోతివి."

పేషంట్‌తో మాట్లాడే మైకు ఆ రోజు ఆన్‌లోనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. వాళ్లు పారిపోయింది సూదికి భయపడి అనుకున్నాను. సగం భయం నేను పెట్టిందే.

"సంబురంతోని ఒర్లిన అవ్వా. మంచి గడ్డ అని తెల్సి."

"గడ్డల మంచి గడ్డ గూడ ఉంటదా?" అని తిరుమల తల్లి వైపు చూసింది. కొమురవ్వకు నవ్వొచ్చింది. నవ్వుతూనే పత్తి కుప్ప మీద కూలబడి ఏడ్చింది. ఆపరేషన్‌లో రెక్కే తీసేస్తారనుకున్నదట. "రెక్కాడితేనే డొక్కాడె బతుకు. రెక్క పోయినంక ఇంక ఉండి ఏం జెయ్యాలె అనుకున్న" అన్నది.

ఫోన్‌లో ఆమె స్కాన్ బొమ్మ చూపించాను. తెల్ల చారలు వేలితో చూపిస్తూ అంతా చెప్పాను. సూది అక్కర్లేదు, కానీ ఎడమవైపు ఒక్కసారి చూడాలి, ఒంటి మీద జెల్లు రాసి చూస్తాం, నొప్పి ఉండదు అన్నాను. కొమురవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇంకోపాలి ఒర్లనంటే వస్త."

ఒట్టేశాను.

నవంబర్ 23, శనివారం

ఎడమవైపు కూడా ఉంది! చిన్నది, నిమ్మకాయంత. అవే చారలు. అల్ట్రాసౌండ్ ప్రోబ్ పట్టుకున్న చేతిని కదిలించకుండా, పెదవి కొరుక్కుని, ఒక్క ముక్క మాట్లాడకుండా సార్ వైపు చూశాను. సార్ తల ఊపారు. కొమురవ్వ నన్నే గమనిస్తోంది. "ఈపాలి మంచిగున్నవు" అన్నది.

మధ్యాహ్నానికి రిపోర్టు మీద సంతకం పడింది. బయాప్సీ క్యాన్సిల్. సార్ ఆమెకు నింపాదిగా చెప్పారు. బరువు మోయడం తగ్గించాలి, నొప్పి బాగా పెరిగితే చిన్న ఆపరేషన్‌తో తీసేయొచ్చు, లేకపోతే అది అలాగే ఉంటుంది, మీరూ అలాగే ఉంటారు.

ఎన్ని రోజులు బతుకుతానని అడిగిందామె. సార్ నవ్వి, దానికి స్కాన్ లేదన్నారు.

పోతూ పోతూ తిరుమల నా చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. లిఫ్ట్ రెండుసార్లు వచ్చి వెళ్లిపోయింది.

డిసెంబర్ 6, శుక్రవారం

ఉదయం పదింటికి ఓపీ ముందు ట్రాలీ ఆటో ఆగింది. కొమురవ్వ దిగింది. ఆమె వెనకాల మార్కెట్ యార్డు ఆడవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు, పదకొండు మంది.

"గీళ్ల వీపులు గూడ చూడు బిడ్డా" అన్నది.