ఐదు కిలోమీటర్ల లోపల టైర్లు

2021 జనవరి 19, మంగళవారం

అత్లోన్‌లో వాన. ఇంట్లో నేనొక్కడినే. నలుగురం కలిసి లీజుకి తీసుకున్న ఇల్లు ఇది. క్లాసులన్నీ ఆన్‌లైన్ అయ్యాక ఇద్దరు ఇండియా వెళ్లిపోయారు. యుగంధర్ డబ్లిన్‌లో వేర్‌హౌస్ పని దొరికిందని పోయాడు. వంటింట్లో ప్రెస్‌ల మీద, అంటే అల్మారాల మీద, ఇంకా నాలుగు పేర్లూ అంటించే ఉన్నాయి. మూడు ఖాళీ.

గైడ్ ఇవాళ టీమ్స్‌లో నా థీసిస్ టాపిక్ ఓకే చేసింది. ఇక్కడ కొత్త టైరు కొన్నప్పుడల్లా బిల్లులో కొంత పర్యావరణ రుసుము కడతారు. ఆ డబ్బుతో పాత టైర్లు సేకరించి రీసైకిల్ చేస్తారు. ఆ పద్ధతి ఎంత బాగా పనిచేస్తోందో నేను తేల్చాలి. బాగా రాశావు యెషయా, కానీ నువ్వు ఒక్క టైరు కూడా చూసినట్టు లేదు, బయటికి వెళ్లి చూడు అంది. లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటితే గార్డ్స్, అంటే ఇక్కడి పోలీసులు, ఆపి ఫైన్ రాస్తారు. ఆ లోపల టైర్ల గుట్టలు నాకెక్కడ దొరుకుతాయి?

జనవరి 24

దొరికాయి. ఊరు దాటి సైకిల్ మీద పోతుంటే కంచె చెట్ల సందులోంచి కనపడ్డాయి. నల్ల ప్లాస్టిక్ కప్పిన పెద్ద దిబ్బ, దాని నిండా టైర్లు. షెడ్డు వెనక ఇంకో గుట్ట. మనిషి జాడ లేదు. ప్లాస్టిక్ కింద ఇంకేం పాతిపెట్టారో దేవుడికే తెలియాలి.

ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి చేతులైనా కడుక్కోకుండా కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టాను, అక్రమ టైర్ల డంపు అని. పేరు ఇవ్వక్కర్లేదన్నారు, ఇవ్వలేదు. జనం రుసుము కట్టి మరీ టైర్లు కొంటున్న దేశంలో ఈ దౌర్భాగ్యం ఏమిటని ఆవేశంగా ఒక పేజీ రాశాను. చాలా రోజుల తర్వాత బాగా ఆకలేసింది.

ఫిబ్రవరి 3

ఇవాళ నాతో మాట్లాడింది సూపర్‌మార్కెట్‌లో మనమే బిల్లు వేసుకునే మెషీన్ ఒక్కటే. సంచిలో అనుకోని వస్తువేదో ఉందంది.

ఫిబ్రవరి 12

సైకిల్ పంక్చరైంది. తోసుకుంటూ వస్తుంటే ఒక పొలం గేటు వెనక నించున్న ముసలాయన ఆపాడు. రెండు మీటర్లు వెనక్కి జరగమని చేత్తో చూపించి, సైకిల్ తలకిందులు చేసి, ట్యూబు లాగి ప్యాచ్ వేసేశాడు. పేరు ఫ్రాన్సీ. పెళ్లి చేసుకోలేదు. ఆవులున్నాయి. నేను అంకుల్ అన్నాను. తనకి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ లేరే, అంకుల్ ఎలా అయ్యానని నిజంగానే ఆలోచనలో పడ్డాడు. థాంక్స్ చెబితే గ్రాండ్ అన్నాడు. వీళ్లకి బాగున్నా గ్రాండే, బాగోకపోయినా గ్రాండే.

ఇంటికొచ్చాక చూసుకుంటే గొంతు బొంగురుపోయింది. ఎదురుగా ఉన్న మనిషితో అంతసేపు మాట్లాడి ఎన్నాళ్లయిందో.

ఫిబ్రవరి 28, ఆదివారం

రోజూ వెళ్తున్నాను. ఆయన గేటుకి అటు, నేను ఇటు. ఎవరి మగ్గు వాళ్లదే. చర్చిలు మూసి ఉన్నాయి కాబట్టి ఆయన మాస్ పూజ రేడియోలో వింటాడు, నేను మా ఒంగోలు చర్చి ఆరాధన యూట్యూబ్‌లో చూస్తాను, తర్వాత ఇద్దరం వాన గురించి మాట్లాడుకుంటాం. నిన్న కోడికూర డబ్బా గోడ మీద పెట్టి వెనక్కి జరిగాను. ఇవాళ అదే డబ్బాలో కోడిగుడ్లు పెట్టిచ్చాడు. కూర సంగతి మాత్రం ఎత్తలేదు.

నేను కాక ఆయనకున్న ఇంకో మనిషి పక్క పొలం క్రిస్టీ. ఇద్దరూ ఒకే బడిలో చదివారు. క్రిస్టీ వారానికోసారి పేపరూ రొట్టే తెచ్చి ఈ గేటు మీదే పెడతాడు. ఎండాకాలంలో ఇద్దరూ కలిసే గడ్డి కోస్తారు.

నాలుగైతే చాలు, కాళ్లు వాటంతటవే ఈ దారి పడుతున్నాయి. ఈయన కూడా లేకపోతే నేనేమైపోతానా అని ఇవాళ భయమేసింది.

మార్చి 9

పొలం చూపిస్తానని గేటు తీశాడు. షెడ్డు పక్కకి తిరగ్గానే నా కాళ్లు ఆగిపోయాయి. నల్ల ప్లాస్టిక్. టైర్లు. జనవరిలో నేను అవతలి రోడ్డు నుంచి ఫోటో తీసింది ఈ దిబ్బనే.

ఫ్రాన్సీ కొన్ని టైర్లు పక్కకి దొర్లించి, ప్లాస్టిక్ ఎత్తి, లోపల్నించి పులిసిన గడ్డి తీసి ఆవులకి వేశాడు. పచ్చిగడ్డి గుంటలో తొక్కించి, గాలి చొరకుండా కప్పి, పైన టైర్లు బరువు పెడితే చలికాలమంతా మేత. సైలేజ్ అంటారట. ఈ దేశంలో చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. మాకు తెలిసిందల్లా గడ్డివామి.

ఒక గుప్పెడు నా చేతిలో పెట్టి వాసన చూడమన్నాడు. చూశాను. బాగుందన్నాను.

మార్చి 10

యుగంధర్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ముందు పడీపడీ నవ్వాడు. తర్వాత అన్నాడు:

"మీ రేకుల కొట్టం మీద టైర్లుండేయి గదరా, గాలికి లేవకుండా. ఎవుడన్నా పొయ్యి కంప్లయింట్ పెట్టాడా?"

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని కౌన్సిల్‌కి మెయిల్ పెట్టాను. పేరు లేని ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం కుదరదట.

మార్చి 23

కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి వెళ్లాడట. మేత మీద కప్పిన టైర్లు ఉంచుకోవచ్చు. షెడ్డు వెనక గుట్ట మాత్రం వేసవిలోగా తీసెయ్యాలి, లారీ ఖర్చు ఫ్రాన్సీదే. కొన్ని వాళ్ల నాన్న కాలం నుంచి పోగుపడ్డవి, కొన్ని ఏళ్ల కిందట ఎవడో వ్యాన్‌లో తెచ్చి దించిపోయినవి. కారుకి టైర్లు మార్చినప్పుడల్లా రుసుము కట్టాను కదా, ఆ డబ్బు దీనికి రాదా అని ఫ్రాన్సీ అడిగాడట. రుసుము రాకముందటి టైర్లకి రాదన్నాడట. అవి ఎవరి నేల మీదుంటే వాళ్ల నెత్తినే.

నా థీసిస్‌లో ఆ ముక్క లేదు.

ఖర్చు కంటే ఆయన్ని ఎక్కువగా తినేస్తున్నవి ఇన్‌స్పెక్టర్ చూపించిన ఫోటోలు. అవతలి రోడ్డు నుంచి తీసినవి. ఆ రోడ్డు మీద ఉన్నది క్రిస్టీ ఇల్లొక్కటే. లాక్‌డౌన్‌లో అటు ఇంకెవరు తిరుగుతారు అంటాడు. పైగా మొన్నీమధ్యే కంచె దగ్గర ఇద్దరికీ మాటా మాటా వచ్చిందట. క్రిస్టీ పెట్టిన పేపరు గేటు మీద తడుస్తోంది. ఫ్రాన్సీ ముట్టుకోలేదు.

టీ చల్లారిపోయిందని చెప్పి వచ్చేశాను.

మార్చి 26

చెప్పలేదు.

మార్చి 30

ఇవాళ ఫ్రాన్సీ చీకటి పడేదాకా మాట్లాడాడు. క్రిస్టీతో మాటల్లేవు కాబట్టి ఆ మాటలన్నీ నాకే.

చెబితే నాకెవరూ ఉండరు. చెప్పకపోతే ఆయనకి నేనొక్కడినే ఉంటాను. ఆ రెండోది నాకు హాయిగానే ఉందని ఇంటికొస్తూ దారిలో అర్థమైంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఏప్రిల్ 2, గుడ్ ఫ్రైడే

ఒంగోలు చర్చిలో సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన నడుస్తోంది. 'ఇదిగో నీ కుమారుడు, ఇదిగో నీ తల్లి' అనే మూడో మాట దగ్గర లాప్‌టాప్ మూసేసి సైకిల్ తీశాను.

గేటు దగ్గర చెప్పేశాను. ఫోటోలు తీసింది నేనే, పంపింది నేనే. ఆ దిబ్బ ఏమిటో నాకప్పుడు తెలియదు, ఎవర్నీ అడగనూ లేదు. క్షమించమన్నాను. టైర్లన్నీ నేనే లారీకి ఎత్తుతానన్నాను. ఫ్రాన్సీ రోడ్డు వైపు చూశాడు.

"అయితే క్రిస్టీ కాదు" అన్నాడు.

కాదన్నాను.

మగ్గులో టీ గడ్డి మీద పారబోసి గేటు తీసుకుని బయటికొచ్చాడు. రెండు మీటర్ల సంగతి మర్చిపోయి నా పక్కనుంచే వెళ్లాడు. ఆ వయసులో అంత వేగంగా నడవగలడని నాకు తెలియదు. క్రిస్టీ ఇంటి మలుపు దాకా చూస్తూ నించున్నాను. ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. గేటు తెరిచే ఉంది. ఆవులు రోడ్డెక్కుతాయని నేనే వేశాను.

ఏప్రిల్ 19

నాలుగింటికి వెళ్లడం మానలేదు. గేటు దగ్గర ఎవరూ ఉండటం లేదు.

కొత్త అధ్యాయం గైడ్‌కి బాగా నచ్చింది. కొత్త టైర్ల మీద వసూలయ్యే రుసుములో కొంత, ఆ రుసుము పుట్టకముందే పొలాల్లో పడ్డ టైర్లు తీయడానికి ఖర్చుపెట్టాలని రాశాను. ఈ ఆలోచన ఎక్కడిది అని అడిగింది. ఫీల్డ్‌వర్క్ అన్నాను.

మే 29

గడ్డి కోశారు. ఫ్రాన్సీ, క్రిస్టీ ప్లాస్టిక్ మీద టైర్లు పరుస్తున్నారు. నన్ను పిలిచారనుకుని సైకిల్ దిగాను.

అరిచింది ఆవు.