కుడిచేతి రాత

డాక్టరుగారికి,

మా అమ్మాయి పోయినప్పటినుంచీ నా కుడిచెయ్యి సూది పట్టలేదు. ఆరు నెలలు మీ మాత్రలు మింగినా మొద్దులాగే ఉండిపోయింది. మొన్న కుట్టు హాల్లో ఎడంచేత్తో దారప్పోగులు ఏరుతుంటే, పక్క మిషను దగ్గరి పరాయిదేశపు ఆవిడ, వాళ్ళలో మనిషి పోతే పాడే పాట ఎత్తుకుంది. ముక్క అర్థం కాలేదు. అయినా హాలంతా, నేనూ, పోయిన నా పిల్లా ఒకే ఊపిరైపోయాం. భోరున ఏడ్చాను. వేళ్ళు కదిలాయి.

సంబరంగా వచ్చి మీకు చెబితే, మళ్ళీ మిషనెక్కడానికిచ్చే సర్టిఫికెట్‌లో ‘భ్రమ’ అని రాశారు. సూపర్‌వైజరు అది చదివి, “మతి చెడినవాళ్ళకి మిషనెలా ఇస్తానమ్మా?” అన్నాడు.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్నట్టుంది మీ వైద్యం. ఆ మాట కొట్టేసి కొత్త కాగితం ఇవ్వండి.

రాత కోడిగెలికినట్టుందని నవ్వకండి. కుడిచేత్తో రాశాను.